పాత డీజిల్ కారు మైలేజీ ఎక్కడ జారిపోతోంది?

2012 మే నెలాఖరులో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటింది. డీజిల్ మాత్రం 41 లోపే ఉంది. ఆ తేడా చూసే మనలో చాలామంది అప్పట్లో డీజిల్ కారు కొన్నాం. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేసింది. ముప్పై రూపాయల తేడా కరిగి పది పన్నెండుకు వచ్చింది. ఇక మిగిలింది మైలేజీ ఒక్కటే. అదీ పడిపోతుంటే టెన్షన్ రాక మానదు. ట్యాంకులో కలిపే సీసాలు, డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతాలు అమ్ముడయ్యేది ఆ టెన్షన్ మీదే. కారు కొత్తలో ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఇప్పించే మందు ఏదీ లేదు. ఇన్నేళ్లలో ఎక్కడ జారిపోయిందో వెతికి రాబట్టుకోవాలి, అంతే.

నా 2012 కారు సంగతే చెబుతాను. ఒక ఎండాకాలం ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను, అంటే దాన్ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌లోకి వెళ్లనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్ వాల్వు. షెడ్డులో మెకానిక్ దాన్ని పీకేసి, "మన ఎండలకి ఇదెందుకు సార్" అన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. డిసెంబరులో తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ వెళ్తుంటే, సూర్యాపేట దాటినా టెంపరేచర్ ముల్లు సగానికి రాలేదు. పంతొమ్మిది ఇచ్చే బండి పదిహేడున్నరకు దిగింది. డీజిల్ ఇంజిన్‌కు వేడి శత్రువు కాదు. కూలెంట్ ఎనభై, తొంభై డిగ్రీల మధ్య ఉంటేనే అది పొదుపుగా నడుస్తుంది. చల్లగా ఉంటే ఆయిల్ చిక్కగా ఉండి లోపల రాపిడి పెరుగుతుంది, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూ కూడా ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని డీజిల్ ఎక్కువ పంపుతుంది. కొత్త వాల్వు వేయిస్తే ముల్లు తన చోటికి వచ్చింది, మైలేజీ కూడా. ఇంతకీ ఆ ఎండాకాలం ఇంజిన్ వేడెక్కడానికి అసలు దోషం రేడియేటర్ ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్చు, రిలేది!

ఇలాంటి తేడా కనబడాలంటే ముందు లెక్క సరిగ్గా ఉండాలి. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అక్కడే ఫుల్ చేయించి భాగించాలి. అదీ మూడు నాలుగు ట్యాంకులు చూడాలి. ఐదు వందల రూపాయల డీజిల్ కొట్టించి చెప్పే మైలేజీ ఊహే.

వయసైన బండిలో బ్రేకులు వదలకుండా పట్టేయడం మామూలే. బ్రేక్ పెద్దగా వాడకుండా ఓ పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తగిలించొద్దు. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే అక్కడే డీజిల్ కాలిపోతోంది. టైర్లలో గాలి తగ్గినా అంతే. నల్ల పొగ వస్తుంటే మాత్రం ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల్లో లీకు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వుకు పట్టిన మసి చూపించకుండా, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీదికి వెళ్లొద్దు.

నడిపే తీరులో ఒక పాత మూఢనమ్మకం ఉంది. అరకు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ కొడితే డీజిల్ మిగులుతుందట. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఐడ్లింగ్ కోసం డీజిల్ పడుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. హైవే మీద ఎనభైలో కన్నా వందలో గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు. విజయవాడకు ఓ అరగంట ఆలస్యంగా చేరడానికి ఒప్పుకుంటే పైసా ఖర్చు లేని పొదుపు అది.

ఖర్చు పెట్టాల్సినవి వచ్చేసరికి నేను కాస్త మొండివాణ్ణి. నాలుగు ఇంజెక్టర్లు మార్చాలి, 30 వేలు అన్నారనుకుందాం. మైలేజీ పదహారు నుంచి పంతొమ్మిదికి పెరిగినా, నెలకు 300 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మిగిలేది మూడు లీటర్లు, అంటే 300 రూపాయల లోపు. ఆ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పైనే. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిప్పే ట్రావెల్స్ బండికైతే ఏడాదిన్నరలోపే వచ్చేస్తుంది, వాళ్లు మార్పించుకోవాలి. నా కారు ఆర్సీ గడువు 2027లో తీరుతోంది. నేను థర్మోస్టాట్‌తో ఆగిపోయాను.