64 బిట్లున్నాయి కదా అని చేతులు దులుపుకోకండి

టైమ్ టైప్ (ప్రోగ్రామ్‌లో సమయాన్ని దాచే డేటా రకం) డిజైన్ మీద చర్చ ఎక్కడ మొదలైనా, ఓవర్‌ఫ్లో మాట, అంటే సంఖ్య తనకిచ్చిన బిట్లలో పట్టక పొంగి తిరగబడే సంగతి, ఎత్తగానే ఒకటే జవాబు వస్తుంది. "64 బిట్లు పెట్టేశాం కదా, ఇంకేం భయం? సెకన్లలో లెక్కపెడితే 29,200 కోట్ల ఏళ్లు వస్తుంది. నానోసెకన్లలో పెట్టినా 292 ఏళ్లు. అప్పటికి చూసుకుందాం." మంచి అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇదే మాట అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. లెక్క తప్పని కాదు, లెక్క సరిగ్గానే ఉంది. కాకపోతే వాళ్ల చూపంతా గడియారం మీదే ఉంది, అది ఎప్పుడు అంచు దాటుతుందా అని. గడియారం దాని మానాన అది నడుస్తుంది. అంచు దాటించేది మనం ఆ గడియారానికి కలిపే, దాన్నుంచి తీసేసే, దాంతో గుణించే సంఖ్యలు.

డెడ్‌లైన్ ఎలా కడతామో చూడండి. ఇప్పటి సమయానికి టైమౌట్ కలుపుతాం. ఇప్పటి సమయం కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఇస్తుంది, దాన్ని నమ్మొచ్చు. మరి టైమౌట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కాన్ఫిగ్ ఫైల్ నుంచి రావచ్చు, నెట్‌వర్క్ అవతలి నుంచి రావచ్చు, ఎవరో ఎప్పుడో రాసిన లైబ్రరీలోంచి రావచ్చు. అందులో "ఎప్పటికీ ఆగొద్దు" అని చెప్పాలనుకున్న ప్రతివాళ్లూ చేతికందిన పెద్ద సంఖ్య ఒకటి పెట్టేస్తారు. ఏఓఎల్‌సర్వర్ అనే వెబ్ సర్వర్ విషయంలో జరిగింది అదే. డేటాబేస్ టైమౌట్ అసలు రాకూడదని కాన్ఫిగ్‌లో 100 కోట్ల సెకన్లు పెట్టారు, అంటే 31 ఏళ్ల పైచిలుకు. ఏళ్ల తరబడి బాగానే నడిచింది. 2006 మే నెలలో ఒకరోజు ఇప్పటి సమయానికి 100 కోట్లు కలిపితే 2038 జనవరి 19 దాటిపోయింది, 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల సంఖ్యలో పట్టే చివరి రోజు అదే, సంఖ్య తిరగబడింది, సర్వర్లు కూలాయి. 2038 సమస్య వాళ్లకు దాదాపు 32 ఏళ్ల ముందే వచ్చేసింది.

అది 32 బిట్ల కాలం నాటి గొడవ అంటారా? సరే, 64 బిట్లలోనే మాట్లాడుకుందాం. వ్యవధిని 64 బిట్ల సైన్డ్ (నెగెటివ్ కూడా పట్టే) నానోసెకన్లుగా దాచే టైప్ తీసుకోండి, గో భాషలో డ్యురేషన్ లాంటిది. యూజర్ సెకన్లలో ఇచ్చిన సంఖ్యను 100 కోట్లతో గుణించి అందులో పెడతాం. యూజర్ 18446744074 ఇచ్చాడనుకోండి. 584 ఏళ్లు, అంటే అనంతం కిందే లెక్క. గుణిస్తే 2 పవర్ 64 దాటుతుంది, పైబిట్లు రాలిపోతాయి, చివరికి మిగిలేది 29,04,48,384 నానోసెకన్లు. సెకనులో మూడోవంతు కూడా లేదు! పైగా అది చక్కటి పాజిటివ్ సంఖ్య. "ఫలితం సున్నాకన్నా తక్కువైతే ఎర్రర్" అని రాసుకున్న మీ చెక్ దాన్ని నవ్వుతూ లోపలికి పంపేస్తుంది. ఎర్రర్ లేదు, లాగ్‌లో హెచ్చరిక లేదు. ఎప్పటికీ ఆగకూడని పని 0.29 సెకన్లకే ఆగిపోతుంది.

ఇంకా ఘోరం, పెద్ద సంఖ్య ఇవ్వాల్సిన పని కూడా లేదు. గో భాషలో ఖాళీ టైమ్ విలువ అంటే 1వ సంవత్సరం జనవరి 1. స్ట్రక్ట్‌లో (కొన్ని ఫీల్డుల కట్టలో) ఒక టైమ్ ఫీల్డ్ నింపడం మరిచిపోయి, దాన్ని యూనిక్స్ నానోసెకన్లలోకి (1970 నుంచి లెక్క) మార్చి డిస్క్ మీద రాశారనుకోండి. ఆ మార్పు 1678 నుంచి 2262 వరకే చెల్లుతుంది, ఆ హద్దు దాటితే ఫలితానికి గ్యారంటీ లేదని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. కానీ ఫంక్షన్ మాత్రం నోరు మెదపదు. తిరిగి చదివితే 1754 ఆగస్టు 30 అని వస్తుంది. డేటాబేస్‌లో 1754 నాటి రికార్డు కనిపించి తలలు పట్టుకునేవాళ్లకు కారణం ఇదే. 292 ఏళ్లు సరిపోతాయన్న ధీమా ఇక్కడ ఏమైంది? నింపని ఫీల్డ్ ఒక్కటి చాలింది.

తీసివేతల్లోనూ ఇదే కథ. గడిచిన సమయం ఎలాగూ నెగెటివ్ కాదని అన్‌సైన్డ్ (నెగెటివ్ పట్టని) టైప్ పెడతారు. రెండు రీడింగులు ప్రాసెసర్‌లోని రెండు కోర్ల మీద పడి, మొదటిది రెండోదానికంటే ఒక్క నానోసెకను ముందుకు పోయిందంటే చాలు, తేడా 584 ఏళ్లయి కూర్చుంటుంది. మెట్రిక్స్ గ్రాఫ్‌లో ఒక రిక్వెస్ట్‌కి 584 ఏళ్లు పట్టిందని కనిపిస్తే ఇంకెక్కడా వెతక్కండి, తీసివేత దగ్గరికే వెళ్లండి. వెనక్కి వెళ్లకూడని గడియారాలు కూడా హార్డ్‌వేర్ తప్పుల వల్ల, వర్చువల్ మెషీన్ల వల్ల అప్పుడప్పుడు వెనక్కి వెళ్తాయి. రస్ట్ భాష వాళ్లు ఈ అనుభవంతోనే 1.60 వెర్షన్‌లో రెండు ఇన్‌స్టంట్‌ల (ఒక్కో క్షణాన్ని దాచే టైప్) తేడా నెగెటివ్ అయితే ప్యానిక్ కాకుండా, అంటే నడుస్తున్న పని అర్ధంతరంగా కూలిపోకుండా, సున్నా ఇచ్చేలా మార్చారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

ఒకే తప్పుడు సంఖ్యకు ఒక్కోచోట ఒక్కో అర్థం రావడం మరో తలనొప్పి. 30 రోజుల టైమౌట్‌ను మిల్లీసెకన్లలో రాస్తే 259,20,00,000. 32 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో పట్టేది 214 కోట్ల చిల్లర మాత్రమే, అంటే 24.8 రోజులు. తిరగబడితే మైనస్ 170 కోట్ల పైచిలుకు అవుతుంది. దాన్ని పోల్ సిస్టమ్ కాల్‌కి (ఏదైనా ఇన్‌పుట్ వచ్చేవరకు చూడమని కెర్నల్‌ని అడిగేది) ఇస్తే, నెగెటివ్ అంటే అనంతం అని దాని నియమం కాబట్టి, టైమౌట్ ఇక రాదు. అదే 30 రోజులు, చెప్పినంతసేపాగి పని నడిపే జావాస్క్రిప్ట్ సెట్‌టైమౌట్‌కి ఇస్తే వెంటనే పేలుతుంది. అడిగింది నెల రోజులు, ఒకచోట ఎప్పటికీ రాదు, ఇంకోచోట ఒక్క క్షణమూ వేచి ఉండదు.

సీ ప్లస్ ప్లస్ భాషలో సమయాల కోసం ఉన్న క్రోనో లైబ్రరీ అంటే నాకు గౌరవం. యూనిట్లను టైప్‌లోనే పెట్టి చాలా తప్పులు కంపైల్ దశలోనే పట్టిస్తుంది. సెకన్లను గంటల్లోకి మారిస్తే భాగం పోతుంది కాబట్టి దానంతటది మార్చదు, మీరు స్పష్టంగా అడగాల్సిందే. గంటలను నానోసెకన్లలోకి మాత్రం అడక్కుండానే మార్చేస్తుంది, అందులో ఏదీ పోదని దాని నమ్మకం. కానీ థ్రెడ్‌ని ఓ సంకేతం వచ్చేదాకా నిద్రపుచ్చే కండిషన్ వేరియబుల్ మీద వెయిట్ ఫర్‌కి గంటల గరిష్ఠ విలువ ఇచ్చి చూడండి. లోపల నానోసెకన్లలోకి మారేటప్పుడే పొంగిపోతుంది, ఆపైన ఇప్పటి సమయం కలుపుతారు, నిద్రపోవాల్సిన థ్రెడ్ వెంటనే లేచి కూర్చోవచ్చు. లూప్‌లో ఉంటే సీపీయూ నూరు శాతం తింటుంది. పైగా సైన్డ్ ఓవర్‌ఫ్లో అక్కడ అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరగాలో భాష చెప్పదు. కలిపిన తర్వాత "మొత్తం మొదటిదానికంటే తగ్గిందా" అని చెక్ రాస్తే, అలా జరగదని కంపైలర్ అనుకుని ఆ చెక్‌నే తీసిపారేయొచ్చు. చెక్ చేయాల్సింది కలపకముందే.

మరి ఏం చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఓవర్‌ఫ్లో అయితే ఏం జరగాలన్నది వాడేవాడికి వదిలేయకూడదు, టైప్ డిజైన్ చేసేవాడే తేల్చాలి. అన్ని టైమ్ విలువలకూ ఒకే నియమం పనికిరాదు.

ఎదురుచూపుల విషయంలో, అంటే టైమౌట్లు, డెడ్‌లైన్లలో, గరిష్ఠం దగ్గర ఆగిపోవడమే సరి. 584 ఏళ్లు ఆగమంటే 292 ఏళ్లు ఆగినా ఎవరికీ నష్టం లేదు. లైనక్స్ కెర్నల్‌లో కేటైమ్ యాడ్ సేఫ్ చేసేది ఇదే, లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో మైక్రోసెకన్లు కలిపే ఫంక్షన్ చేసేదీ ఇదే: పొంగితే మొదటిది గరిష్ఠం దగ్గర, రెండోది అనంతం అనే ప్రత్యేక విలువ దగ్గర నిలబడిపోతుంది. ఇక్కడ ప్యానిక్ పెట్టడం నాకు నచ్చదు. రస్ట్‌లో ఇన్‌స్టంట్‌కి ప్లస్ గుర్తుతో డ్యురేషన్ కలిపితే, ఫలితం పట్టకపోతే రిలీజ్ బిల్డ్‌లో (వాడుకకు పంపే ప్రోగ్రామ్‌లో) కూడా ప్యానిక్ అవుతుంది. నిశ్శబ్దంగా తిరగబడటం కంటే అది వెయ్యి రెట్లు నయం, ఒప్పుకుంటాను. కానీ ఆ టైమౌట్ బయటి క్లయింట్ పంపిన హెడర్ నుంచి వచ్చిందైతే, సర్వర్‌ని పడగొట్టే మీట క్లయింట్ చేతికి ఇచ్చినట్టే.

డిస్క్ మీదికి వెళ్లే సమయాలకు మాత్రం ఆ ఆగిపోవడమే ప్రమాదం. ఒక టోకెన్ (లాగిన్ అనుమతి లాంటిది) గడువు లెక్కలో పొంగితే గరిష్ఠం దగ్గర ఆపామనుకోండి, 2262 ఏప్రిల్ 11 అని రాసుకుంటుంది. చదివేవాడికి అది నిజమైన తేదీలాగే ఉంటుంది, చెల్లకూడని టోకెన్ కాస్తా ఎప్పటికీ చెల్లేదైపోతుంది. ఇక్కడ ఎర్రర్ తప్ప ఇంకేదీ ఇవ్వకూడదు. రెండో చిక్కు, ఒకసారి గరిష్ఠం దగ్గర ఆగిన విలువలోంచి కలిపినదాన్ని తిరిగి తీసేస్తే మొదటి విలువ రాదు. ఎదురుచూపులో ఆ లెక్కతో పనిలేదు, బిల్లింగ్‌లో ఉంటుంది.

తిరగబడటానికీ ఒక న్యాయమైన చోటుంది: హార్డ్‌వేర్ కౌంటర్లు, టిక్కులు. రెండు రీడింగుల్ని నేరుగా పోల్చకుండా, తీసివేసి ఆ తేడా గుర్తు చూస్తే, దూరం సగం పరిధి దాటనంతవరకు జవాబు సరిగ్గానే వస్తుంది. లైనక్స్ టైమ్ ఆఫ్టర్ మాక్రో ఇదే చేస్తుంది, జావా నానోటైమ్ డాక్యుమెంటేషనూ ఇలాగే పోల్చమంటుంది. అది మర్చిపోతే ఏమవుతుందో విండోస్ 95 చూపించింది. 32 బిట్ల మిల్లీసెకన్ల కౌంటర్ 49.7 రోజులకు నిండి మెషీన్ బిగుసుకుపోయేది. బోయింగ్ 787లో జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఆపకుండా 248 రోజులు పవర్‌లో ఉంటే కౌంటర్ నిండి ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్తాయని, విమానంలో ఏసీ పవర్ మొత్తం పోవచ్చని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశమే ఇవ్వాల్సి వచ్చింది. సెకనులో నూరోవంతు చొప్పున 31 బిట్లు లెక్కపెడితే సరిగ్గా ఆ 248 రోజులే వస్తాయి.

248 రోజులు ఎవరు టెస్ట్ చేస్తారు? ఎవరూ చేయరు, చేయనక్కర్లేదు కూడా. లైనక్స్ వాళ్లు దీనికి చేసిన పని నాకు ఎంతో ఇష్టం. కెర్నల్ టిక్కుల్ని లెక్కపెట్టే జిఫ్ఫీస్ కౌంటర్‌ను సున్నాతో కాకుండా, 32 బిట్ల అంచుకు 5 నిమిషాల ముందు విలువతో మొదలుపెడతారు. 32 బిట్ల మెషీన్ బూట్ అయిన 5 నిమిషాలకే కౌంటర్ తిరగబడుతుంది. ఏ డ్రైవర్‌లో పోలిక తప్పుగా ఉన్నా రాసినవాడి టేబుల్ మీదే బయటపడుతుంది. టైమ్ టైప్ రాసేవాళ్లెవరైనా గడియారాన్ని బయటి నుంచి ఇచ్చేలా కట్టి, టెస్టుల్లో అంచు పక్కన మొదలుపెడితే సగం తప్పులు మొదటిరోజే దొరుకుతాయి.

చెక్ పెడితే స్లో అవుతుందనే వాదనకు నేను విలువ ఇవ్వను. గడియారం చదవడానికే సాధారణంగా పదుల నానోసెకన్లు పడుతుంది, దాని పక్కన ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ చూసే ఒక్క బ్రాంచ్ లెక్కలోకే రాదు.

నన్నడిగితే ఇన్‌స్టంట్‌కి డ్యురేషన్ కలిపే ప్లస్ గుర్తునే తీసేస్తాను. "కలుపు, పట్టకపోతే గరిష్ఠం దగ్గర ఆగు", "కలిపి చూడు, పట్టకపోతే చెప్పు" అని రెండు ఫంక్షన్లు ఇస్తాను, ఏది కావాలో పిలిచేవాడు పేరుతో రాయాలి. అనంతాన్ని సంఖ్యగా ఉండనివ్వను, టైప్‌లో దానికి వేరే స్థితి పెడతాను. సెకన్లూ నానోసెకన్లూ రస్ట్‌లోలా విడివిడిగా దాస్తాను, అప్పుడు పూర్ణ సెకన్ల నుంచి డ్యురేషన్ కట్టేటప్పుడు గుణించే పనే ఉండదు. కోడ్ కాస్త పొడవవుతుందని, ప్లస్ ఉంటే చదవడానికి బాగుంటుందని రివ్యూలో అంటారు, నిజమే. ఆ ప్లస్ పట్టనప్పుడు ఏం చేస్తుందో అదే రివ్యూలో వాళ్లని అడగండి. ఎంతమంది సోర్స్ తెరవకుండా చెప్పగలరో చూడండి.