పిల్లి 24, కుక్క ఎంత?

మా మేనల్లుడు చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర గది తీసుకుని మూడేళ్లుగా గ్రూప్-2కి చదువుతున్నాడు. మొన్న పండక్కి వచ్చి, అన్నం తింటూ "మావయ్యా, క్యాట్ 24 అయితే డాగ్ ఎంత?" అన్నాడు. రెండూ మనింట్లో లేవు కదరా అన్నాను. రీజనింగ్ వచ్చినవాళ్లు రానివాళ్లను చూసే చూపు ఒకటుంటుంది, అది చూశాడు.

ఇంగ్లిషు అక్షరాలకు వరసగా 1 నుంచి 26 దాకా నంబర్లు వేసుకోవాలట. సి 3, ఏ 1, టి 20. కూడితే పిల్లి 24. అదే లెక్కన కుక్క 26, అంటే రెండాకులు ఎక్కువ చదివింది. జెడ్‌ను ఒకటనుకుని వెనకనుంచి లెక్కిస్తే పిల్లి 57, కుక్క 55. ఆ రెండాకులూ పిల్లివైపు వచ్చేస్తాయి. దీనికి కోచింగుల్లో 'ఈజోటీ' అని ఓ మంత్రం ఉంది: ఈ 5, జె 10, ఓ 15, టి 20, వై 25. మావాడు నిద్దట్లో కూడా జపిస్తాడని వాళ్లమ్మ బెంగ.

"మూడక్షరాలు, తలా ఎనిమిది వేసినా 24 వస్తుంది కదా, అప్పుడు కుక్కా 24 కావాలిగా?" అన్నాను.

"ఆప్షన్లలో 24 లేదు మావయ్యా."

అంటే సూత్రం పిల్లిలో లేదు. పేపరు రాసినాయన మనసులో ఉంది.

మనకు ఈ విద్య కొత్తేం కాదు. కటపయాది పద్ధతిలో క నుంచి ఝ దాకా, ట నుంచి ధ దాకా 1 నుంచి 9. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. ఞ, న సున్నాలు. వచ్చిన అంకెల్ని తిప్పి చదవాలి. కర్ణాటక సంగీతంలో మేచకల్యాణి రాగం పేరు తీసుకోండి: మొదటి రెండక్షరాలు మే 5, చ 6, తిప్పితే 65. మిగతా రాగాలకు మూలమైన డెబ్భై రెండు మేళకర్త రాగాల్లో దాని నంబరు సరిగ్గా అదే. సంగీతంలో మొదటి పాఠాలైన సరళీవరసల నాటి మాయామాళవగౌళ కూడా అంతే: మా 5, య 1, మొత్తానికి 15వది. పాపం, పూర్వీకులు సూత్రాన్ని శ్లోకం కట్టి మరీ అందరికీ చెప్పేశారు. చెప్పేసిన సూత్రంతో లక్షల మందిని వడపోసేదెలా?

సర్కారు నౌకరీకి ఈ పిల్లి లెక్కలెందుకని గొణిగేవాళ్లున్నారు. వాళ్లెప్పుడూ ఫైలు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కినవాళ్లు కారు. పొలం పాసుపుస్తకంలో పేరు మార్పించడానికి నేను ఎక్కుతున్నాను. మొదటిసారి ఆధార్ జిరాక్సు లేదన్నారు. తర్వాత జిరాక్సు మీద సంతకం లేదన్నారు. ఆ తర్వాత సంతకం జిరాక్సు మీద ఎందుకు పెట్టారన్నారు. ఏ సూత్రం మీద నడుస్తోందో కనిపెట్టడం నా వంతు. దాచిపెట్టడంలో వాళ్లు ఆరితేరారు. ఎంపిక పరీక్ష సరైనదే.

గుమాస్తాగారు ప్రతిసారీ అనే మాట ఒక్కటే: "రేపు రండి." నిన్న రాత్రి కటపయాదిలో పెట్టి చూశాను. రే 2, పు 1. తిప్పితే 12.

ఇప్పటికి పదకొండుసార్లు వెళ్లొచ్చాను.