మా ఇంటి గచ్చుకు ఓ దండం

హనుమకొండలో మా వాకిలంతా కాళ్లు చాపి పడుకున్న సిమెంటు గచ్చు గారికి,

బురద ఉండదు, బండి పెట్టుకోవచ్చు అని నిన్ను ముచ్చటపడి తెచ్చిందే నేను కాబట్టి తప్పంతా నీదే అనను. నీకోసం వేపచెట్టు కొట్టించిన రోజు మా అమ్మ అన్నం ముట్టలేదు. మరుసటి ఎండాకాలమే ఏసీ కొన్నాం. ఆకులు ఊరికే వదిలే తేమతో వచ్చే చల్లదనానికి ఇప్పుడు నెలనెలా బిల్లు కడుతున్నాం, ఆ కరెంటులో బొగ్గు పొగ ఎలాగూ ఉంటుంది, దాన్ని పీల్చుకునే చెట్టేమో పొయ్యిలోకి పోయింది.

నీ పుట్టుక కూడా తక్కువదేం కాదులే. సున్నపురాయి కోట్ల ఏళ్లుగా కార్బన్‌ను కడుపులో దాచుకుని మట్టి కింద గమ్మున ఉంటే, తవ్వి తెచ్చి 1450 డిగ్రీల దాకా కాల్చారు. స్వచ్ఛమైన రాయి నూరు కిలోలు కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తుంది. కొలిమిలో వేసిన బొగ్గు లెక్క వేరే.

వాన పడితే నీ తమాషా చూడాలి. తులసికోట పక్కన జానెడు మట్టి మిగిలింది, అక్కడ చినుకు పడగానే బుడగలొస్తాయి, నేల గటగటా తాగుతుంది. నీ మీద పడ్డ నీళ్లు మాత్రం గేటు దాటి, సీసీ రోడ్డెక్కి, నాలాలోకి ఉరుకుతాయి. నాలాను కూడా మనమే సందు చేశాం కదా! 2020 ఆగస్టులో అన్ని వాకిళ్ల నీళ్లూ కలిసి తిరిగొస్తే కాలనీల్లో పడవలు తిరిగాయి. కాకతీయుల కాలంలో పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేలా గొలుసు కట్టారు, వాళ్లకు ప్లాట్ల వ్యాపారం తెలియదు పాపం.

మార్చి వచ్చిందంటే మా బోరు గాలి కక్కుతుంది. "ఇంకో రెండొందల ఫీట్లు దించుదాం సార్" అంటాడు బోరాయన. అందాకా ట్యాంకరు తెప్పిస్తాం. ఆ కొన్న నీళ్లలో రెండు బకెట్లు పొద్దున్నే నిన్ను కడగడానికే పోతాయి, అలుకు చల్లే రోజుల్లో చెంబెడుతో అయ్యే పని.

ఇక చాలనిపించి, గేటు దగ్గర నిన్ను తవ్వించి ఇంకుడు గుంత పెడదామని మేస్త్రీని పిలిచాను. టేపుతో కొలిచి, కాసేపు ఆలోచించి అడిగాడు:

"పైన గచ్చు చేయడానికి సిమెంటు ఎన్ని బస్తాలు చెప్పమంటారు సార్?"

ఇట్లు,
నిన్ను తెచ్చుకున్నవాడు