వెనక సీటు భక్తుల తరఫున మా కారు రూఫ్ లైనింగ్‌కు

గౌరవనీయులైన రూఫ్ లైనింగ్ గారికి,

కారు లోపల పైకప్పుకు అంటించిన గుడ్డ మీరు, ఇప్పుడు జారి మా నెత్తుల మీదికి వేలాడుతున్నారు. అయినా మా కారులో మీకున్న మర్యాద మా ఇంటి పెద్దకు కూడా లేదు. ఎక్కేవాళ్లు ఎట్లాగూ తల వంచుకునే ఎక్కుతారు, మీ పుణ్యమా అని ఎక్కినాక కూడా ఎత్తడం లేదు, దిగేదాకా మెడ ఓ పక్కకు వాల్చుకొని అంతా మీ దయ అన్నట్టు కూర్చుంటున్నారు. దేవుని కడప గుళ్లో శఠగోపం పెట్టించుకోవాలంటే కనీసం వరసలో నిలబడాలి. మీరు అట్లా కాదు, రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా వెనక సీట్లో ఉన్న ప్రతి నెత్తికీ అడక్కుండానే పెడుతున్నారు. పైగా ప్రసాదం ఒకటి. నారింజ రంగు పొడి, వేళ్ల మధ్య నలిపితే జిగటగా అంటుకుంటుంది, దులిపితే ఇంకా పాకుతుంది. అది తెల్లచొక్కా కాలర్ మీదనే ఎందుకు పడుతుందో మీకే తెలియాలి. మొన్న ఓ పెళ్లికి పోతే మా చిన్నాయన భుజాలు చూసి, తలకేమన్నా జబ్బా అని నలుగురిలో అడిగినారు.

మీ కష్టం నాకు తెలీక కాదు. 2007 నుంచి కడప ఎండలో నెత్తిన రేకు పెట్టుకొని ఉన్నారు. మే నెలలో బయట 43 డిగ్రీలుంటే, అద్దాలు బిగించి నిలబెట్టిన కారు లోపల 60 దాటడం పెద్ద విషయమేమీ కాదు, ఇక ఆ రేకు కిందనే ఉన్న మీ సంగతి చెప్పేదేముంది.

అయితే ఒక్కదానికి మిమ్మల్ని మెచ్చుకోవాలి. జారింది మీరు, తిట్లు తిన్నది బంక. కంపెనీ బంక బాగా పెట్టలేదు అని అందరూ తేల్చేశారు. అసలు సంగతి ఏందంటే పైన అచ్చు పోసిన అట్ట, కింద గుడ్డ, రెండింటి మధ్యలో మూడు మిల్లీమీటర్ల మందాన సన్నటి పాలియురెథేన్ స్పాంజి. అట్టను పట్టుకొని ఉండేది ఆ స్పాంజే, గుడ్డ దాని మీద ఆధారపడిన మనిషే. ఏళ్ల తరబడి వేడికీ వానాకాలం తేమకూ స్పాంజి లోపల్లోపల చీకిపోయి పొడైతే, బంక ఎంత గట్టిదైనా పట్టుకోవడానికి దానికి ఏమీ మిగలదు.

ఈ ముక్క మా చుట్టాల్లో ఎవరికీ ఎక్కదు. "ఎందుకబ్బీ డబ్బులు దండగ, రెండు గుండుపిన్నులు గుచ్చు" అన్నాడు మామ. తనే గుచ్చినాడు కూడా. రెండు పిన్నుల నడుమ మీరు కొత్తగా పొట్ట పెట్టారు, ఆ పొట్టకు ఇంకో పిన్ను, దాని పక్కన ఇంకో పొట్ట. ఒకరోజు మా అవ్వ కొప్పులో కనకాంబరాలు పిన్నుకు తగులుకొని దండ సగం మీకే సమర్పణ అయిపోయింది. ఇంకో పెద్దమనిషి ఇంజెక్షన్ సిరంజిలో చెక్కపని బంక నింపి గుడ్డలోంచి ఎక్కించినాడు. బంక పోయి పొడిని పట్టుకుంది, పొడి దేన్నీ పట్టుకోలేదు. వారం తిరక్కముందే మీరు మళ్లీ జారినారు, ఈసారి మరకలతో.

ఇంతవరకూ నవ్వులాటే. రాజంపేట రోడ్డులో అద్దం దించితే గాలి పోసుకొని ఉబ్బి, లోపలి అద్దానికి అడ్డంగా దిగారు చూడండి, వెనక లారీ హారన్ వినపడుతుంది గానీ లారీ కనపడదు, అది మాత్రం నవ్వులాట కాదు. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది. మారు మాట్లాడకుండా కట్టింది మీ కింద ఇట్లా భయపడుతూ కూర్చోవడానికా?

సీటు కవర్ల షాపు భాయ్ దగ్గరికి తీసుకుపోతే ఆయన మీ పొట్టను వేలితో ఒక్క పొడుపు పొడిచి, రాలిన పొడి నాకు చూపించి, "గుడ్డకు వైద్యం చేసి లాభం లేదు సార్, అట్ట దించాల" అన్నాడు. దించడం అంటే మాటలు కాదు. ఎండకు అడ్డం దించుకునే వైజర్లు, పట్టుకునే హ్యాండిళ్లు, లైటు, డోర్ల రబ్బరు బీడింగులు, పక్క ప్లాస్టిక్కులు అన్నీ ఊడదీసి, సీట్లు వాల్చి, అట్టను డిక్కీ గుండా బయటికి లాగాలి, అదీ ఎక్కడా మడత పడకుండా, ఎందుకంటే మడత పడితే కొత్త గుడ్డ మీద కూడా ఆ గీత తేలుతుంది. పాత స్పాంజిని బ్రష్షుతో రవ్వ మిగలకుండా గోకాలి (పని అంతా ఇక్కడే ఉంది, మోసమూ ఇక్కడే). ఆ తర్వాత వేడికి తట్టుకునే రబ్బరు బంకను అట్టకూ కొత్త గుడ్డ వెనకనున్న స్పాంజికీ కొట్టి, వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఓపిక పట్టి, నడిమధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తుకుంటూ పోవాలి. తొందరపడితే తడి బంక గుడ్డలోంచి బయటికి ఊరుతుంది. స్పాంజి లేని ఉత్త గుడ్డ వేస్తే అట్ట మీది ప్రతి గుంతా పైకి కనపడుతుంది. పక్క వీధి షాపాయన ఇవేమీ లేకుండా పాత గుడ్డ మీదనే ఇంకోటి అంటించి గంటలో ఇచ్చేస్తానన్నాడు. ఆ శఠగోపం వద్దన్నా.

మీ మహిమలు భాయ్‌కి కూడా చెప్పినా. "ఉగాదికి నేనూ దేవుని కడప పోతా సార్, అక్కడెవరూ నెత్తిన పొడి రాల్చరు" అని నవ్వినాడు.

కాబట్టి వచ్చే ఆదివారం మిమ్మల్ని దించుతున్నాం. మీ స్థానంలో లేత బూడిద రంగు గుడ్డ వస్తుంది. నలుపైతే స్టైల్‌గా ఉంటుందని మా మేనల్లుడి గోల. మాసిపోదు కూడా అంటాడు. వాడు వెనక సీట్లో ఫోన్ చూసుకునే మనిషి, ఇప్పటికే గుహలా ఉన్న కారును ఇంకా చీకటి చేసుకోవడం నాకిష్టం లేదు.

ఇట్లు,
మీ ఓనరు (అని ఆర్సీలో ఉంది)

తా.క.: మా బావమరిది కొత్త కారుకు రూఫ్ అంచుల వెంబడి లోపల, ప్రమాదం జరిగితే ఉబ్బి తలలను కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్నాయి. అక్కడ పిన్నులు గుచ్చినా, పక్క ప్లాస్టిక్కులు అడ్డదిడ్డంగా పీకినా ప్రాణాల మీదికి వస్తుంది, ఏం చేయాలన్నా కంపెనీ షెడ్డులోనే చేయించుకో అని వాడికి చెప్పినా. వాడు విన్నాడు. మామకే ఇంకా నమ్మకం కుదరలేదు, సిరంజి పారేయకుండా దాచిపెట్టుకున్నాడట.