వెదజల్లిన వాళ్లం

మన సంఘం సంచికల్లో ఈమధ్య 'తెలుగు డయాస్పొరా', అంటే సొంతగడ్డ వదిలి దేశదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లు, అనే మాట తరచుగా కనబడుతోంది. మాట మంచిదే. కానీ గ్రీన్‌కార్డూ, సొంత ఇల్లూ ఉన్న మనబోటి వాళ్లకే అది చెల్లుతుందన్నట్టు వాడుతున్నాం. అదే నాకు నచ్చడం లేదు.

ఇది గ్రీకు మాట. 'దియా' అంటే నలుదిక్కులా, 'స్పోరా' అంటే విత్తడం. బడిలో జీవశాస్త్రంలో చదివిన స్పోర్, మన సిద్ధబీజం, ఈ ఇంటిదే. తెలుగులో దీనికి కొత్తగా మాట పుట్టించక్కర్లేదు. వెదజల్లడం. వెద అంటే విత్తడమే కదా!

మా తాతయ్య నువ్వులు చల్లడం చిన్నప్పుడు చూశాను. గింజ మరీ చిన్నది, ఒకేచోట పడిపోతుందని ఇసుక కలిపేవాడు. గంపలోంచి గుప్పెడు తీసి, అడుగు వేస్తూ, మణికట్టు తిప్పి విసిరేవాడు. ఎక్కడ పడాలన్నది గింజ చేతిలో లేదు. దుక్కిలో పడ్డవి మొలిచేవి, గట్టు మీద పడ్డవి చీమల పాలయ్యేవి.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో యూదుల ధర్మశాస్త్రాన్ని అలెగ్జాండ్రియాలో గ్రీకులోకి తెచ్చారు. అందులో ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో ఈ మాట ఉంది. అక్కడది శాపం: దేవుడి మాట తప్పితే లోకంలోని రాజ్యాలన్నిటా చెదిరిపోతారని. అంటే పుట్టుకలోనే ఈ మాటకు కన్నీటి తడి ఉంది.

ఆ తడి ఎరిగిన తెలుగువాళ్లు మనకంటే ముందే వెళ్లారు. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ట్రూరో ఓడలో కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్లున్నారు. ఫిజీ చెరకు తోటలకూ అలాగే వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద బర్మాలో మనవాళ్లను కోరంగీలనేవారు. 1942లో బాంబులకు జడిసి వాళ్లలో ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు. మారిషస్‌లో ఉగాదికి ఇవాళ్టికీ దేశమంతా సెలవు. అది చెరకు తోటల్లో వంగి పనిచేసినవాళ్ల మనవలు నిలుపుకున్న పండగ. ఇక గల్ఫ్ సంగతి చెప్పాలా? జగిత్యాల, సిరిసిల్ల, కడప పల్లెల్లో ఇంటికొకరు వెళ్లిన వీధులున్నాయి.

వీళ్లను వదిలేసి 'డయాస్పొరా' అంటే ఆ మాటలో సగం గింజలు గట్టునే పోసినట్టు. వచ్చే ఉగాది సంచికలో రెండు పేజీలు వాళ్లకివ్వండి. లేబర్ క్యాంపులో రాసే తీరిక లేనివాళ్లు ఫోన్లో చెబితే, రాసిపెట్టడానికి నేను కూర్చుంటాను. ఇక్కడ అమెరికాలో మన శుక్రవారం రాత్రి గల్ఫ్‌లో శనివారం పొద్దు. ఆ వేళ నాకు కుదురుతుంది.