కరగడం కాదు, ముద్దకట్టడం

కణితికి మందు మోసుకెళ్లే పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల గొలుసుల) మీద వచ్చిన ఈ వ్యాసంలో "వేడి తగలగానే పెప్టైడ్ కరిగి మందు వదులుతుంది" అని రాశారు. ఎలాస్టిన్ (చర్మానికి సాగే గుణమిచ్చే ప్రోటీన్) తరహా పెప్టైడ్ల సంగతి దీనికి తలకిందులు. చల్లగా ఉన్నంతసేపూ నీళ్లలో కరిగి ఉంటాయి, వేడి ఒక హద్దు దాటితే ముద్దకడతాయి. కోడిగుడ్డు తెల్లసొనలాగా, కాకపోతే చల్లారితే ఇవి మళ్లీ కరుగుతాయి. అందుకే కణితిని 42 డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చచేస్తే, మందు మోసుకొచ్చిన పెప్టైడ్ అక్కడ పోగుపడుతుంది. ఈ గొలుసులో మళ్లీ మళ్లీ వచ్చే వాలీన్-ప్రోలీన్-గ్లైసీన్ అనే మూడు అమైనో ఆమ్లాల తర్వాత, నాలుగో చోట నీళ్లంటే పడని అమైనో ఆమ్లం పెడితే ఆ హద్దు దిగుతుంది. గొలుసు పొడవు పెంచినా అంతే.

కింద కామెంట్లలో ఒకాయన "మా ఒంగోలు ఎండకే పనిచేసేస్తుందేమో" అన్నాడు. బయట 45 ఉన్నా ఒళ్లు 37 దగ్గరే ఉంటుందన్నా! నా అనుమానం ఎండ మీద కాదు, జ్వరం మీద. కీమో మధ్యలో రోగికి 40 కాస్తే? హద్దు 39 దగ్గర పెట్టుకున్న పెప్టైడ్ ఒళ్లంతా ముద్దకట్టదా? దాని గురించి ఒక్క ముక్కన్నా రాసుండాల్సింది.