మబ్బు పడితే గుండె దడ

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. నీళ్లు తీశాయి గానీ భయం తీయలేదు. ఆకాశం నల్లబడగానే పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకెక్కించే ఇల్లాలి కంగారు చూడండి. అర్ధరాత్రి చినుకుల చప్పుడుకు ఆమె లేస్తుంది, గడప దాకా వెళ్లి వీధిని చూసి వస్తుంది. పక్కలో పిల్ల కళ్లు మూసుకునే ఉంటుంది, నిద్ర మాత్రం పోదు.

దీన్ని పిరికితనమని తీసిపారేయడం అన్యాయం. 2015 వేసవిలో వడగాడ్పులు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఉప్పాడలో సముద్రం ఇళ్లను కోసుకుపోతూనే ఉంది. కళ్లముందు ఇన్ని జరుగుతుంటే బెంగ పడకపోతేనే వింత. మన దేశంతో సహా పది దేశాల్లో 16-25 ఏళ్ల యువత పది వేల మందితో జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. వాతావరణ మార్పుపై తీవ్రంగా కలత చెందుతున్నామన్నవారు సగానికి పైనే. ఈ కలతకూ, పాలకులు తమను గాలికొదిలేశారన్న భావానికీ సంబంధం ఉందనీ ఆ అధ్యయనం తేల్చింది. మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. ఆపద ఒక్కటే కాదు, ఆపదలో ఒంటరినన్న తలపు మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది.

నిద్ర పట్టనివారు, పని మీద మనసు నిలవనివారు మొహమాటపడకుండా 14416కు ఫోను చేయాలి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనూ అందుతుంది. అయితే ధైర్యం చెప్పి పంపేస్తే సరిపోదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన పది వేల మందికి పైగా ప్రాణాలను బలిగొంది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను చెల్లాచెదురు చేసినా రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ముందస్తు హెచ్చరికలు, లక్షల మంది తరలింపు చేసిన మేలు అది. గాలి కనికరించలేదు, మనుషులు సిద్ధపడ్డారు.

ఆ సన్నద్ధత వీధి వీధికీ రావాలి. వరదొస్తే ఎక్కడికి వెళ్లాలో, పక్కింటి ముసలివాళ్లను ఎవరు తీసుకెళ్లాలో బడిలోనే పిల్లలతో సాధన చేయించాలి. కాలువలపై ఆక్రమణలు తొలగించాలి. బుడమేరు కట్టల పటిష్ఠతను ఏటా వానలకు ముందే పరీక్షించి ఫలితాన్ని ప్రజల ముందుంచాలి. నీటిమట్టం ఎంతుందో, ఏ వీధికి ఎప్పుడు ముప్పో ఫోనుకు ముందే చేరితే, సింగ్‌నగర్ తల్లి అర్ధరాత్రి గడప దాకా నడవనక్కరలేదు.